సైకిల్ పోకముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు

సైకిల్‌ను తలకిందులు చేసి సీటు, హ్యాండిల్ నేలకు ఆనేలా నిలబెట్టండి. పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డగొట్టం అడుగుభాగాన్ని తడిగుడ్డతో తుడవండి. బురద, గ్రీజు వదిలాక లోహంలోకి గుద్దిన అంకెలూ అక్షరాలూ బయటపడతాయి. ఫ్రేము నంబరు అంటే ఇదే. అక్కడ లేకపోతే హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం మీద, సీటు గొట్టం మీద, వెనక చక్రం ఇరుసు బిగించే చోట వెతకండి. స్టిక్కరు మీద అచ్చువేసిన నంబరును లెక్కలోకి తీసుకోకండి. గోటితో గీకితే అది ఊడిపోతుంది.

పెద్ద సెలవులకు సైకిల్‌ను ఎక్కడో వదిలి ఊరెళ్లే ముందు, లేదా కాలేజీకో ఆఫీసుకో రోజూ సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టే ముందు, తాళం కొనడం కంటే ముందుగా ఈ నంబరు రాసి పెట్టుకోవాలి. దొంగల దగ్గర పట్టుకున్న సైకిళ్లలో చాలావాటికి సొంతదారులు దొరకరు. "నల్ల సైకిల్, గేర్లుంటాయి" అని ఫిర్యాదు రాయిస్తే అలాంటివి వందల్లో ఉంటాయి. మీ సైకిల్ పోలీసుల గోదాములోనే ఉన్నా అది మీదేనని చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

నంబరును ఫోటో తీసేటప్పుడు టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోండి. గుంటల్లో నీడ పడి అంకెలు స్పష్టంగా వస్తాయి. సున్నాకూ ఇంగ్లిష్ 'ఓ'కూ, ఒకటికీ 'ఐ'కీ, ఎనిమిదికీ 'బి'కీ మధ్య పొరపాటు జరగడం మామూలే. అందుకే ఫోటోతో పాటు చేత్తో కూడా రాసుకోండి. చైను ఉన్న వైపు నుంచి సైకిల్ మొత్తం కనిపించేలా ఒక ఫోటో, మీరు పక్కన నిలబడి ఒకటి, గీతలూ సొట్టలూ మార్చిన సీటూ దగ్గరగా కనిపించేలా మరికొన్ని తీయండి. కొన్న రసీదు కూడా వాటితో చేర్చండి. బ్యాటరీ సైకిల్ అయితే మోటారు నంబరు, బ్యాటరీ నంబరు, బ్యాటరీ తాళంచెవి మీది నంబరు విడిగా రాసుకోవాలి. ఇవన్నీ ఫోన్‌లోనే ఉంచకుండా మీ ఈమెయిల్‌కు పంపుకోండి. సైకిల్‌కు తగిలించిన సంచిలో ఫోనుంటే రెండూ ఒకేసారి పోతాయి.

దొంగ ఫ్రేము నంబరును రాపిడి చేసి చెరిపేయొచ్చు, రంగు కూడా మార్చేయొచ్చు. అందుకని మీ పేరు, ఫోన్ నంబరు ఉన్న చీటీని ప్లాస్టిక్ కవరులో చుట్టి సీటు గొట్టం లోపల వేయండి. ఇంకొకటి రిమ్ముకూ ట్యూబుకూ మధ్య ఉండే పట్టీ కింద పెట్టండి. చక్రం విప్పి చూసే ఓపిక దొంగకు ఉండదు. తర్వాత ఎప్పుడైనా పంక్చరు వేసే మెకానిక్ కంట అది పడొచ్చు.

సైకిళ్ల నమోదు కొన్ని దేశాల్లో చట్టమే. జపాన్‌లో 1994 నుంచి తప్పనిసరి. ఫ్రాన్స్‌లో దుకాణాలు అమ్మే కొత్త సైకిళ్ల మీద 2021 జనవరి 1 నుంచి గుర్తింపు నంబరు వేసి నమోదు చేయాల్సిందే. మీరుండే చోట అలాంటిదేమీ లేకపోయినా, లాభాపేక్ష లేకుండా నడిచే బైక్ ఇండెక్స్ వంటి ఆన్‌లైన్ రిజిస్టర్లలో ఉచితంగా చేర్చుకోవచ్చు. పోయాక చేర్చడం కన్నా ముందే చేర్చి ఉంచితే ఆ రోజు చేయాల్సింది 'పోయింది' అని మార్చడం ఒక్కటే.

తాళం సంగతి

గట్టిగా ప్రయత్నిస్తే తెగని తాళం లేదు. మీరు కొనేది సమయం. దొంగకు పది సెకన్ల పనిని రెండు మూడు నిమిషాల పనిగా మార్చగలిగితే, చాలాసార్లు అతను పక్క సైకిల్ వైపు చూస్తాడు.

వైరు తాళం లావుగా కనిపించేది పైనున్న ప్లాస్టిక్ వల్లే. లోపల ఉండేవి మెలితిప్పిన సన్నటి తీగలు. జేబులో పట్టే కటింగ్ ప్లయర్‌తో ఒక్కో పోగూ తెంపుకుంటూ వెళ్లొచ్చు. దాన్ని హెల్మెట్‌కో ముందు చక్రానికో రెండో తాళంగా వాడండి, ప్రధాన తాళంగా మాత్రం వద్దు. అంకెలు తిప్పే చవక తాళాలతో ఇంకో ఇబ్బంది ఉంది. బిగించి లాగుతూ అంకెల చక్రాలు తిప్పితే సరైన అంకె దగ్గర వేలికి తేడా తెలిసిపోతుంది. పైగా చాలామంది ఒక్క చక్రాన్ని ఒక్క అంకె జరిపి వెళ్లిపోతారు. తాళం వేశాక అన్ని చక్రాలనూ తిప్పి అంకెలను కలగాపులగం చేయండి.

గొలుసు కొనేటప్పుడు పైన తొడిగిన గుడ్డ లావు చూసి మోసపోకుండా, లోపలి లంకె లావును కొలవండి. 10 మిల్లీమీటర్ల లోపుదాన్ని మామూలు బోల్ట్ కట్టర్ సులువుగా కొరికేస్తుంది. గట్టిపరిచిన ఉక్కు 13 మిల్లీమీటర్లు దాటితే చేతి కట్టర్లు ఇబ్బంది పడతాయి, 16 దగ్గరకు వస్తే దాదాపు చేతులెత్తేస్తాయి. కానీ అంత గొలుసును రోజూ మోసుకెళ్లడం కష్టం. రోజూ ఒకేచోట ఆపేవాళ్లు దాన్ని ఆ స్టాండుకే వేసి వదిలేస్తే సరిపోతుంది.

వెంట తీసుకెళ్లడానికి, ఇంగ్లిష్ 'యూ' అక్షరంలా వంగిన ఉక్కు కడ్డీకి అడ్డకడ్డీ బిగించే యూ లాక్ మేలు. రెండు కొనల దగ్గరా బోల్టు పడే రకం తీసుకోండి. ఒక కొనకే పడే దాన్ని ఒక్కచోట కోసి మెలితిప్పితే ఊడిపోతుంది, రెండు వైపులా పడేదాన్ని రెండుచోట్ల కోయాలి. పెద్దదాని కన్నా చిన్నదే మంచిది. లోపల ఖాళీ మిగిలితే అందులో చిన్న జాకీయో గునపమో దూర్చి విరగదీస్తారు. చక్రం, ఫ్రేము, స్తంభం కలిసి ఆ ఖాళీని నింపేయాలి. తాళంచెవి గుండ్రటి గొట్టంలా ఉండే పాత తాళం ఇంట్లో ఉంటే దాన్ని ఇక వాడకండి. అలాంటి యూ లాకులను ప్లాస్టిక్ పెన్ను గొట్టంతో తెరవొచ్చని 2004లో బయటపడింది, క్రిప్టోనైట్ కంపెనీ వాటిని మార్చి ఇవ్వాల్సి వచ్చింది. బ్యాటరీతో నడిచే, లోహాన్ని కోసే గ్రైండర్ ముందు మామూలు తాళాలేవీ ఒకట్రెండు నిమిషాలకు మించి నిలవవు. గ్రైండర్ బిళ్లనే అరగదీసే మిశ్రమ పదార్థంతో పూత వేసిన తాళాలు ఈమధ్య వచ్చాయి. ఖరీదైన సైకిల్‌ను ఊళ్లో రోజంతా వదిలేవాళ్లకు అవి అవసరమే. ఏది ఎంత గట్టిదో పోల్చుకోవడానికి బ్రిటన్‌లోని సోల్డ్ సెక్యూర్ సంస్థ పరీక్షించి ఇచ్చే బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ గుర్తులు పనికొస్తాయి.

ఎలా వేయాలి

ముందు చక్రాన్ని మాత్రమే స్తంభానికి కట్టేస్తే, తిరిగి వచ్చేసరికి ఆ చక్రమే మిగులుతుంది. పై గొట్టానికి మాత్రమే వేస్తే దొంగ సైకిల్‌నే మీటలా పట్టుకుని తిప్పి తాళాన్ని విరగ్గొట్టగలడు. యూ లాక్ వెనక రిమ్మునూ, సీటు గొట్టాన్నీ, స్తంభాన్నీ కలిపి పట్టాలి. సీటు గొట్టం దాకా అందకపోతే, వెనక చక్రం చుట్టూ ఉండే త్రికోణం లోపల రిమ్మునూ స్తంభాన్నీ కలిపినా చాలు, తాళం పడ్డ చక్రం ఆ త్రికోణంలోంచి బయటికి రాదు. ముందు చక్రాన్ని వేరే రకం తాళంతో ఫ్రేముకు వేయండి. రెండు తాళాలు రెండు రకాలైతే దొంగకు రెండు పనిముట్లు కావాలి.

తాళంచెవి రంధ్రం కిందికి తిరిగి ఉండాలి. వాన నీరు లోపలికి పోదు, దాంట్లో పనిముట్టు దూర్చి తిప్పడమూ కష్టమవుతుంది. తాళం గానీ గొలుసు గానీ నేలకు ఆనకూడదు. ఆనితే నేల మీద పెట్టి సుత్తితో బాదడం సులువు.

దేనికి కడుతున్నారో దాన్ని చేత్తో పట్టుకుని గట్టిగా ఊపండి. బోర్డు స్తంభాలు కొన్ని ఒక్క బోల్టు మీదే నిలబడి ఉంటాయి. పొట్టివైతే సైకిల్‌ను తాళంతో సహా పైకెత్తి తీసేస్తారు. స్టాండు గొట్టం మీద టేపు చుట్టి ఉందంటే ముందే కోసి పెట్టి కప్పారేమో చూడండి. సన్నటి చెట్టుకు, చెక్క కంచెకు కట్టకండి.

చక్రాలకు, సీటుకు చేత్తో తిప్పే క్విక్ రిలీజ్ మీటలుంటే వాటిని అలెన్ కీతోనో, ప్రత్యేక పానాతోనో మాత్రమే విప్పగలిగే బోల్టులతో మార్పించండి. లైట్లు, పంపు వెంట తీసుకెళ్లండి.

పనిచేసుకుని వచ్చేసరికి టైరులో గాలి లేకపోయినా, మీ తాళం పక్కన ఎవరిదో ఇంకో తాళం వేసి ఉన్నా అనుమానించాలి. మీరు సైకిల్‌ను రాత్రికి అక్కడే వదిలి వెళ్తారని చూసే ఎత్తు అది. గాలి లేని చక్రంతోనే తోసుకుంటూ తీసుకెళ్లిపోండి. వేరే తాళం ఉంటే ఫోటో తీసి, కాపలా మనిషినో పోలీసులనో పిలిచి, మీ సైకిలేనని చూపించి అప్పటికప్పుడే కోయించండి. రాత్రంతా బయట వదలడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

ఇంటి దగ్గర కూడా నిశ్చింతగా ఉండకండి. మెట్ల కింద, గ్యారేజీలో ఉన్నవీ పోతాయి. గోడకో నేలకో బిగించిన ఇనుప కొక్కేనికి తాళం వేయండి. సవారీలను నమోదు చేసే యాప్ వాడేవాళ్లు, బయలుదేరిన చోటును దాచే సెట్టింగ్ ఆన్ చేయాలి. లేకపోతే ఖరీదైన సైకిల్ ఫోటోతో పాటు అది రాత్రి నిద్రపోయే చోటు కూడా నలుగురికీ తెలిసిపోతుంది.

సైకిల్ ఎక్కడుందో ఫోనుకు తెలిపే ట్రాకర్ పెట్టాలనుకుంటే దాన్ని లోహపు గొట్టం లోపల దాచకండి, సంకేతం బయటికి రాదు. సీటు కింద, ప్లాస్టిక్ బెల్లులో, బాటిల్ పట్టీ వెనక పెట్టొచ్చు. ఎయిర్‌ట్యాగ్ వంటివి చుట్టుపక్కల ఫోన్ల ద్వారా చోటు తెలుపుతాయి. కానీ తనతో పాటు తెలియని ట్యాగ్ కదులుతోందని దొంగ ఫోనుకు కూడా హెచ్చరిక వెళ్తుంది. కాబట్టి దాని మీద చోటు కనిపించిన మొదటి గంటలే విలువైనవి.

పోయిందని తెలిసిన రోజు

ఎవరైనా అధికారికంగా పక్కకు తీసి పెట్టారేమో, ఆ భవనం వాళ్లనూ కాపలా మనిషినీ ముందు అడగండి. తెగిన తాళం ముక్కలను కదపకుండా ఫోటో తీసి, తర్వాత దాచండి. చుట్టుపక్కల సీసీ కెమెరాలు ఎవరివో చూసి, ఆ సమయం దృశ్యాలను భద్రపరచమని ఆ రోజే అడగండి. చాలాచోట్ల కొద్ది రోజుల్లోనే పాత వాటి మీద కొత్తవి రికార్డవుతాయి. మీకు కాపీ ఇవ్వకపోయినా పోలీసులు అడిగితే ఇస్తారు. ఫ్రేము నంబరుతో ఫిర్యాదు రాయించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బీమా ఉంటే పాలసీలో రాసిన గడువులోగా తెలపండి. తాళం రసీదు, రెండు తాళంచెవులు అడిగే కంపెనీలున్నాయి, అందుకే రెండోదాన్ని పారేయకండి.

ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్ అమ్మకాల సైట్లలో వెతకండి. కంపెనీ పేరు తప్పుగా రాసి పెట్టేవాళ్లుంటారు, పేరే రాయకుండా 'గేర్ సైకిల్' అని పెట్టేవాళ్లూ ఉంటారు. తప్పు అక్షరాలతోనూ, రంగుతోనూ, సైజుతోనూ వెతకండి. చక్రాలు, సీటు విడిగా అమ్మకానికి వచ్చాయేమో కూడా చూడండి. పక్క ఊళ్ల ప్రకటనలనూ కలపండి. కొన్ని నెలల తర్వాత బయటికి వచ్చేవీ ఉంటాయి.

మీ సైకిల్ కనిపిస్తే ముందు ప్రకటన స్క్రీన్‌షాట్లు తీసి, లింకూ అమ్మేవాళ్ల పేరూ సేవ్ చేసుకోండి. "ఇది నాది" అని రాశారంటే నిమిషాల్లో ప్రకటన మాయమవుతుంది. కొనేవాళ్లలా మాట్లాడాలన్నా, కలవాలన్నా ముందు పోలీసులకు చెప్పి వాళ్ల సలహా మీదే చేయండి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి, సైకిల్ కోసం కత్తిపోటు తినాల్సిన అవసరం లేదు. డబ్బిచ్చి విడిపించుకోవడం కూడా వద్దు, దానివల్ల ఫిర్యాదు నీరుగారిపోతుంది.

దొరికిన సైకిల్‌ను వెంటనే తుడవకండి. వేలిముద్రలు కావాలేమో పోలీసులను అడగండి. ఎక్కే ముందు బ్రేకు తీగలు, హ్యాండిల్ బిగించే బోల్టులు, చక్రాల నట్లు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో పగుళ్లు మెకానిక్‌తో చూపించండి. విప్పి మళ్లీ సగం బిగించిన భాగాలుంటాయి. చివరగా రిజిస్టర్‌లో 'పోయింది' అన్న గుర్తు తీయించండి, పోలీసు ఫిర్యాదులోనూ దొరికినట్లు రాయించండి. లేకపోతే రేపు ఎక్కడో నంబరు తనిఖీ చేసినప్పుడు మిమ్మల్నే ఆపుతారు.