నిలువు ఫ్రీజర్ సరిగ్గా చల్లబడటం లేదా? మెకానిక్‌ని పిలిచే ముందు ఇవి చూసుకోండి

కిందటి మే నెలలో మా ఇంట్లో ఫ్రీజర్ మొరాయించింది. శ్రీకాకుళంలో ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. రాయిలా ఉండాల్సిన కోనాం చేప ముక్కలు వేలితో నొక్కితే లోపలికి దిగుతున్నాయి. వచ్చినాయన ఒకసారి లోపల చెయ్యి పెట్టి, "గేసు అయిపోనాది తల్లీ, ఎక్కించాల" అన్నాడు. ఎక్కించాం, డబ్బులిచ్చాం. పది రోజులు తిరక్కుండా మళ్ళీ అదే కథ. రెండోసారి ఇంకో పెద్దాయన వచ్చి లోపలికి చూడకుండా ముందు తలుపు దగ్గర కూర్చున్నాడు. బందుల వైపు, అడుగున రబ్బరు జానెడు మేర గట్టిపడి, మడత పడి ఉంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో పావుగంట కాపడం పెట్టి సాగదీస్తే సరిపోయింది.

ఆ రోజు నుంచి నాకు తెలిసినవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను. గ్యాస్ అనేది బండిలో పెట్రోలులా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాటే. గ్యాస్ మాట ఎత్తే ముందు తలుపు, మంచు, దుమ్ము, ఓల్టేజి, ఈ నాలుగూ మనమే చూసుకోవచ్చు.

ముందు చలి ఎంతుందో తెలుసుకోండి

ఫ్రీజర్లో ఉండాల్సింది మైనస్ 18 డిగ్రీలు. లోపల తిప్పే మీట మీద 1 నుంచి 7 వరకు ఉండే అంకెలు డిగ్రీలు కావు. మామూలుగా అంకె పెరిగితే చలి పెరుగుతుంది, అంతే. ఫ్రీజర్లో పెట్టుకునే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కుని, పొట్లాల మధ్యలో రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. తలుపు తీసి చేత్తో తడిమి చూస్తే ఏమీ తెలియదు, ఉన్న చలి పోతుంది.

ఒక విషయం. ఇప్పటి ఫ్రీజర్లలో చాలావాటికి వేడిని బయటికి పంపే గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి. పక్కలు వెచ్చగా తగిలితే టెన్షన్ పడొద్దు, అది దాని పనే.

తలుపు రబ్బరు

పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగండి. కాస్త పట్టి లాగినట్టు రావాలి. జారిపోతే అక్కడ గాలి దూరుతోందని అర్థం. నాలుగు వైపులా జానెడేసి దూరంలో ఇలాగే చూడండి, బందుల వైపు మర్చిపోకుండా.

చాలాసార్లు తప్పు రబ్బరుది కాదు, దాని మడతల్లో చేరిన జిడ్డుది. చేపల నీరు, మామిడి గుజ్జు మరక ఎండి బంకలా అతుక్కుంటాయి. గోరువెచ్చటి సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో మడతల్లోకి వెళ్ళి తుడవండి, తర్వాత పొడిగుడ్డతో ఆరబెట్టండి. వంగిన చోట వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టండి. చిరిగితే మాత్రం మార్చాల్సిందే.

ముందు కాళ్ళు వెనక కాళ్ళ కన్నా కొద్దిగా ఎత్తుగా తిప్పి పెడితే తలుపు తనంతట తానే మూసుకుంటుంది. ఇక, మూసిన వెంటనే తలుపు మళ్ళీ రాకపోతే బలంగా గుంజొద్దు. లోపలికి వెళ్ళిన వేడిగాలి చల్లబడి కుదించుకుపోవడం వల్ల తలుపు బిగుసుకుంటుంది. ఒక నిమిషం ఆగితే వదులుతుంది.

మంచు దించడం

మంచు పేరుకునే రకం ఫ్రీజర్లో పావు అంగుళం మందం కాగానే దించెయ్యాలి. మంచు మందమైతే దుప్పటి కప్పినట్టే, చలి పొట్లాలదాకా రాదు. మేం ఏటా భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, వానాకాలం మధ్యలో ఒకసారి చేస్తాం. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కదా, వానల్లో మంచు తొందరగా పడుతుంది.

ముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకెయ్యండి. సరుకంతా థర్మోకోల్ పెట్టెలోకి సర్దండి, చేపల బజారులో ఐసు వేసి తెచ్చే పెట్టెల్లాంటిది. పైన పాత బొంత కప్పండి. తలుపు బార్లా తీసి, అడుగున తువ్వాళ్ళు పరచండి. అరల్లో మడతపెట్టిన గుడ్డ మీద వేడినీళ్ళ గిన్నెలు పెట్టి, పావుగంటకోసారి నీళ్ళు మార్చండి. దానంతటదే వదిలిన మంచు పలకల్ని చెక్క గరిటెతో తీసెయ్యండి.

కత్తి, స్క్రూడ్రైవర్ అసలు పెట్టొద్దు. ఈ రకం నిలువు ఫ్రీజర్లలో చాలావాటికి అర అంటేనే గ్యాస్ తిరిగే గొట్టం. ఒక్క పోటుకి చిల్లు పడితే ఒక్కోసారి రిపేరుకన్నా కొత్తది కొనడమే నయం అవుతుంది. పైగా ఇప్పుడొచ్చే చాలా ఫ్రీజర్లలో ఉన్న ఆర్600ఏ గ్యాస్ మండే గుణమున్నది. చిల్లు పడి బుస్సుమంటే స్విచ్చులు ముట్టుకోకుండా, అగ్గిపుల్ల గీయకుండా కిటికీలు తెరిచి బయటికి వచ్చెయ్యండి.

మంచంతా కరిగాక లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి తుడవండి, నీచువాసన పోతుంది. తడి లేకుండా ఆరబెట్టి, ఖాళీగానే ఆన్ చేసి, బాగా చల్లబడ్డాకే సరుకు పెట్టండి.

మంచు పట్టని రకమైతే ఈ పని ఉండదు. కానీ దాని వెనక గోడ మీద తెల్లగా మంచు గడ్డకడుతుంటే, మంచు కరిగించే హీటరో దాని సెన్సరో పాడై ఉండొచ్చు. అడుగున ఐసు పలక కడుతుంటే నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోయినట్టు. ఆ గొట్టంలో గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా పొయ్యండి. హీటరు పని మాత్రం మెకానిక్‌దే.

దుమ్ము, ఉప్పుగాలి

వెనక గొట్టాల జల్లెడ ఉంటే ఆరు నెలలకోసారి ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో దులపండి. గోడకి నాలుగు వేళ్ళ వెడల్పైనా ఎడం ఉండాలి. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు ఇంకా తరచుగా తుడుచుకోవాలి. ఉప్పు పట్టిన రేకు అడుగునుంచి తుప్పుపడుతుంది. ముట్టుకుంటే కరెంటు షాక్‌లా జిల్లుమంటే వెంటనే ప్లగ్ తీసి ఎర్తింగ్ చూపించండి. అది ఏమాత్రం వాయిదా వేసే పని కాదు.

ఓల్టేజి, తుఫాను

సాయంత్రం లైట్లు డల్ అయ్యే ఊళ్ళలో ఫ్రీజర్ గుయ్‌మని, కాసేపటికి టక్‌మని ఆగి, మళ్ళీ గుయ్‌మనడం వింటుంటాం. తక్కువ ఓల్టేజిలో కంప్రెసర్ తిరగలేక వేడెక్కి ఆగిపోతోందన్నమాట. స్విచ్ ఆపెయ్యండి. కరెంటు పోయి వచ్చాక కూడా అయిదు నిమిషాలు ఆగి ఆన్ చెయ్యాలి, లేకపోతే గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోక కంప్రెసర్ మీద భారం పడుతుంది. అంతసేపు తనే ఆగి కరెంటు ఇచ్చే స్టెబిలైజర్ పెట్టుకుంటే మేలు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మాత్రం తగిలించొద్దు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్నో ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. మా అప్ప వాళ్ళింట్లో ఏం కరిగిందోనని గంటకోసారి తలుపు తీసి చూశారు. రెండో రోజుకే అంతా పారబోయాల్సి వచ్చింది. తలుపు తీయకుండా ఉంటే నిండు ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుతుంది. మన ఉక్కలో కాస్త తక్కువే అనుకోండి. తుఫాను హెచ్చరిక వినగానే ఖాళీ జాగాల్లో ముప్పావు వంతు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు పెట్టండి.

ఇంకో మంచి ఉపాయం: చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి ఉంచండి. ఊరెళ్ళి వచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గట్టిపడిందని తెలిసిపోతుంది. ఆ చేపలు, మాంసం తినొద్దు. కరెంటు వచ్చాక చూస్తే ముక్కల్లో ఇంకా ఐసు పలుకులుంటే మళ్ళీ గడ్డకట్టించుకోవచ్చు.

అప్పటికీ చల్లబడకపోతే

లోపల గొట్టాలు చూడండి. మొదటి అర మీదే మంచు పట్టి, మిగతావి పొడిగా ఉంటే గ్యాస్ నిజంగానే తగ్గి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్‌ని పిలిచి, లీకు ఎక్కడుందో చూపించమని, దాన్ని మూశాకే గ్యాస్ ఎక్కించమని అడగండి. పని చేసినదానికి గ్యారంటీ కాగితం మీద రాయించుకుని డబ్బులివ్వండి.