రిపోర్టులో ఖాళీగా వదిలేసిన గడి

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. కాలిఫోర్నియాలో ఉండే తెలుగు దంపతులు. ఇండియా నుంచి మూడేళ్ళ పాపను దత్తత తెచ్చుకుని అప్పటికి నలభై రోజులు. పుట్టుకతోనే మలద్వారం మూసుకుపోయిన బిడ్డ. ఏడాది వయసులోనే ఆపరేషన్ అయిపోయిందని రిపోర్టులో ఉంది కాబట్టి ఇక భయం లేదనుకున్నారు. ఇక్కడికి వచ్చాక తీసిన స్కాన్‌లో వెన్నుపాము కింది భాగంలో అతుక్కుని ఉందని, ఒక మూత్రపిండం పనిచేయడం లేదని తేలింది. "అక్కా, మేము మోయలేము. తిరిగి పంపించే దారి ఏదైనా ఉందా?" అని ఆ అమ్మాయి అడిగింది. వెనక గదిలోంచి పాప ఏడుపు వినబడుతూనే ఉంది.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. రిపోర్టులో వెన్నెముక గురించి గానీ, మూత్రపిండాల గురించి గానీ ఒక్క మాట లేదు. లేదు కాబట్టి అవి బాగున్నాయనుకున్నారు. నేను చూసిన కుటుంబాల్లో బాగా దెబ్బతిన్నవన్నీ ఈ ఒక్క తప్పుతోనే దెబ్బతిన్నాయి. ఖాళీగా ఉన్న గడి అంటే జబ్బు లేదని కాదు. ఆ పరీక్ష చేయలేదని.

ప్రత్యేక అవసరాలున్న బిడ్డను దత్తత తెచ్చుకోవాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రేమ ఉండాలి, ఓపిక ఉండాలి, డబ్బు దాచుకోవాలి అని ఇక్కడ రాయను. అవి తెలియనివాళ్ళు ఈ దారిలోకి రారు.

కాగితాలు చదివేటప్పుడు

బయటి దేశంలో ఉండి ఇండియా నుంచి బిడ్డను తెచ్చుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ 'కారా' ద్వారానే రావాలి. మీరున్న దేశంలో దాని గుర్తింపు ఉన్న ఏజెన్సీ దగ్గర నమోదు చేసుకుంటారు. ఒకరోజు కారా పోర్టల్‌లో బిడ్డ ఫొటో, రెండు నివేదికలు కనిపిస్తాయి. ఒకటి బిడ్డ ఎక్కడ దొరికింది, ఎలా పెరిగింది అన్నది. రెండోది వైద్య పరీక్షలది. బిడ్డను మీ పేరున నిలిపి ఉంచుకోవడానికి 96 గంటలు, ఆ తరువాత నివేదికల మీద సంతకం పెట్టి అంగీకారం తెలపడానికి 30 రోజులు ఉంటాయి. అందరూ మొదటి నాలుగు రోజుల హడావుడిలోనే మనసు ఇచ్చేస్తారు. పేరు పెట్టేస్తారు, ఊళ్ళో అమ్మానాన్నలకు చెప్పేస్తారు, మంచం కొనేస్తారు. ఇక ఆ తరువాత రిపోర్టును ఎన్నిసార్లు చదివినా అందులో మంచి మాత్రమే కనబడుతుంది.

ఆ ముప్పై రోజుల్లో మీకు నమ్మకమున్న వైద్యుడికి నివేదిక చూపించుకునే హక్కు నిబంధనల్లోనే ఉంది. వాడుకోండి. బంధువుల్లో ఉన్న డాక్టరుకు వాట్సాప్‌లో పంపి "పర్వాలేదు కదా బావా" అని అడగడం చూపించుకోవడం కాదు. అమెరికాలో ఈ పనికోసమే వైద్యశాలలు ఉన్నాయి. మొదటిది 1986లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పెట్టారు. ఆశ్రమంలో పెరిగిన పిల్లల రిపోర్టులు వేలల్లో చదివిన కళ్ళు వేరు. ఆ వైద్యులు రాసి ఉన్నదాని కంటే రాయని దాని గురించే ఎక్కువ అడుగుతారు.

మేము దత్తత తెచ్చుకున్న మా బాబు సంగతి చెబుతాను. గ్రహణమొర్రి, అంగిలి చీలిక ఉన్న బిడ్డ. పెదవికి కుట్లు వేశారని రిపోర్టులో ఉంది, అంగిలి ఆపరేషన్ ఇక్కడికి వచ్చాక చేయించాం. వినికిడి అన్న గడి ఖాళీగా ఉంది. నేను చూశాను. చూసి దాటిపోయాను. రెండేళ్ళు దాటినా మాటలు రాకపోతే కొత్త భాష కదా అనుకున్నాం, అంగిలి కదా అనుకున్నాం. నాలుగున్నరేళ్ళ వయసులో తెలిసింది, రెండు చెవుల్లోనూ నీరు నిండి వాడికి సగం మాటలు వినబడటమే లేదని. అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో మధ్య చెవిలో నీరు చేరడం చాలా మామూలు విషయం. చిన్న గొట్టాలు పెట్టే ఆపరేషన్‌కు అరగంట కూడా పట్టలేదు. కానీ మాటలు నేర్చుకునే వయసులో రెండేళ్ళు వాడికి తిరిగి రాలేదు. ఇప్పుడు పదకొండేళ్ళు, ఇంకా స్పీచ్ థెరపీకి వెళ్తున్నాడు.

అందుకే జబ్బు పేరు చూసి ఆగిపోకండి. ఆ జబ్బుతో కలిసి వచ్చేవి ఏమిటో తెలుసుకుని, వాటి గడులు వెతకండి. అంగిలి చీలిక అంటే చెవి పరీక్ష, గుండె ఎకో (గుండెకు తీసే స్కాన్) అడగాలి. మలద్వారం లోపం అంటే వెన్నెముక, గుండె, మూత్రపిండాలు, ఆహారనాళం అన్నీ చూడాలి, ఎందుకంటే గర్భంలో ఇవన్నీ ఒకే కాలంలో ఏర్పడతాయి, ఒకటి దెబ్బతింటే పక్కవి కూడా దెబ్బతిని ఉండవచ్చు. డౌన్ సిండ్రోమ్ అంటే గుండె ఎకో, థైరాయిడ్, వినికిడి. గుండెలో రంధ్రం అని రాసి ఉంటే ఎకో ఏ తేదీన తీశారో చూడండి. ఏడాదిన్నర కిందటి ఎకో ఇప్పటి గుండె గురించి చెప్పదు.

హెచ్ఐవి విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. పద్దెనిమిది నెలలలోపు బిడ్డకు యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వస్తే అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే కావచ్చు. వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేశారా అని అడగండి. నిజంగానే ఉన్నా, రోజూ మందు వేసుకుంటే ఆ బిడ్డ బడికి వెళ్ళి, పెద్దదై, పెళ్ళి చేసుకుని బతుకుతుంది. 2010 నుంచి ఆ కారణంతో అమెరికాలోకి రాకుండా ఆపడం కూడా లేదు. తలసేమియా మేజర్ దీనికి పూర్తిగా వేరు. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో చేరే ఇనుమును తీసేసే మందు జీవితాంతం వాడాలి. "మూలుగ మార్పిడి చేయించేస్తాం" అని తేలిగ్గా అంటారు. అది బాగా కుదిరేది సొంత తోబుట్టువు మూలుగ సరిపోలినప్పుడు. వదిలేసిన బిడ్డకు తోబుట్టువులు ఎక్కడ ఉన్నారో ఎవరికీ తెలియదు.

తల చుట్టుకొలత ఒక్కసారి కొలిచింది చాలదు. కొన్ని నెలల తేడాతో తీసిన మూడు కొలతలు అడగండి. ఆశ్రమంలో గడిపిన ప్రతి మూడు నెలలకు ఎదుగుదల సుమారు ఒక నెల వెనకబడుతుంది, కాబట్టి బిడ్డ చిన్నగా ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. తల ఎదగడం ఆగిపోతే మాత్రం వైద్యుడితో మాట్లాడాలి. పుట్టిన తేదీ కూడా చాలామంది పిల్లలకు అంచనాగా వేసిందే.

ఖాళీ గడి ఉంటే బిడ్డను వద్దనమని నేను చెప్పడం లేదు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే నా మాట విని వెనక్కి తగ్గినవాళ్ళు కూడా ఉన్నారు, అది నాకు ఇప్పటికీ బాధ. అడగండి, ఏజెన్సీ ద్వారా రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు శిశుగృహ సిబ్బంది ఆ పరీక్ష చేయించి పంపుతారు. పంపకపోతే ఆ గడిలో మీరే పెన్సిలుతో 'ఉంది' అని రాసుకుని, అయినా ఈ బిడ్డను తెచ్చుకుంటామా అని ఇద్దరూ మాట్లాడుకోండి.

వరుస దాటడం కోసం

ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం వరుసలో ఏళ్ళ తరబడి నిలబడాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అంత నిరీక్షణ ఉండదు. అది తెలిసి కొందరు దరఖాస్తులో అన్ని జబ్బుల పక్కనా టిక్ పెట్టేస్తారు, "చిన్నదేదో వస్తుందిలే" అని. ఆ పని చేయకండి. దంపతుల్లో ఒకరికి ఇష్టం లేకుండా ఇంకొకరు పెట్టిన టిక్ ఎప్పటికైనా బయటపడుతుంది, అదీ ఆసుపత్రి వరండాలో, బిడ్డ ముందు. హోమ్ స్టడీకి, అంటే దత్తతకు ముందు మీ ఇంటినీ కుటుంబాన్నీ చూడటానికి, వచ్చిన సోషల్ వర్కర్ దగ్గర మీ భయాలు దాచకండి. ఆమె మిమ్మల్ని తప్పించడానికి రాలేదు.

వీసా, బీమా

అమెరికాలో దత్తత బిడ్డను తెచ్చుకోవడానికి ఐ-800 అనే ఇమ్మిగ్రేషన్ దరఖాస్తు వేయాలంటే దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు, ఊళ్ళో చిన్నాన్న బిడ్డను హిందూ దత్తత చట్టం కింద రిజిస్టరు చేయించుకుని, వీసా రాక, ఆ బిడ్డను నాయనమ్మ దగ్గర వదిలి వచ్చిన సంగతులు నాకు మూడు తెలుసు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరు, తరువాతే బిడ్డ.

ఉద్యోగం ద్వారా వచ్చే బీమాలో దత్తత జరిగిన 30 రోజుల్లోపు బిడ్డ పేరు చేర్చాలి. ప్రయాణపు అలసటలో ఆ గడువు దాటిపోతే వచ్చే ఏడాది నమోదు వరకు ఆగవలసి వస్తుంది, మొదటి నెలలోనే ఆసుపత్రి పని ఉన్న బిడ్డకు అది చాలా పెద్ద దెబ్బ. దత్తత ఖర్చుకు అమెరికా ఇచ్చే పన్ను క్రెడిట్ 2025కు 17,280 డాలర్ల వరకు ఉంది. అయితే ఆ చట్టంలోని 'ప్రత్యేక అవసరాలు' అన్న మాట అమెరికా పిల్లలకే వర్తిస్తుంది. మీ బిడ్డకు ఎన్ని ఆపరేషన్లు ఉన్నా మీరు నిజంగా పెట్టిన దత్తత ఖర్చునే చూపించాలి. రసీదులు దాచండి.

ఇక మిగిలినవి

– ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను "తెలిసినవాళ్ళ ద్వారా" ఇప్పిస్తామంటే ఫోను పెట్టేయండి. 1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తండాల్లోని ఆడపిల్లలను కొని దత్తతకు ఇచ్చిన సంగతి బయటపడింది. బిడ్డను కొన్నా అమ్మినా బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు కఠిన జైలు.

– కన్నవాళ్ళు అప్పగించిన బిడ్డ అయితే, మనసు మార్చుకోవడానికి వాళ్ళకు చట్టం రెండు నెలలు ఇస్తుంది. ఆ గడువు తగ్గించమని ఎవరినీ అడగవద్దు.

– బిడ్డ ఫొటో ఎక్కడా పెట్టవద్దు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది. ఆ ఫొటో కింద జబ్బు పేరు రాసి చందాలు అడగడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ బిడ్డ రేపు పెద్దదై అది చదువుతుంది.

– తీసుకురావడానికి వెళ్ళినప్పుడు మళ్ళీ అడగండి, ఈసారి రోజూ అన్నం పెట్టే ఆయమ్మను. ఏ వైపు తిరిగి పడుకుంటుంది, పిలిస్తే వెనక్కి తిరుగుతుందా, పాలు ముక్కులోంచి వస్తాయా? డాక్టరు నింపని గడులు ఆమె నింపుతుంది.

– మందులు నెలరోజులకు సరిపడా తెచ్చుకోండి.

– వచ్చిన రెండు వారాల్లోపు పూర్తి పరీక్షలు: హెపటైటిస్ బి, సి, క్షయ, రక్తంలో సీసం, థైరాయిడ్, విటమిన్ డి, కళ్ళు, చెవులు. ఇండియాలో చేసినవి కూడా మళ్ళీ చేయించండి.

– తిండి దగ్గర పంతం వద్దు. 2017 అక్టోబరులో టెక్సాస్‌లోని రిచర్డ్‌సన్‌లో, బీహార్ నుంచి దత్తత వచ్చిన మూడేళ్ళ పాప చనిపోయింది; ఆమె పాలు తాగలేదని పెంపుడు తండ్రి పోలీసులకు చెప్పాడు. 2019లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. పాపకు తినడంలో ఇబ్బంది ఉందని పెంపుడు తల్లిదండ్రులు, తమ దగ్గర బాగానే తినేదని ఆశ్రమంవాళ్ళు చెప్పారు. తినకపోతే ఫీడింగ్ థెరపిస్టును పిలవండి. బలవంతంగా నోట్లో పెట్టవద్దు. దిండు కింద రొట్టె దాచుకుంటే తీసేయవద్దు.

– మొదటి నెలలు చుట్టాలను, పార్టీలను రానివ్వవద్దు. అత్తగారైనా సరే.

– "దాని కర్మ", "ఎవరి పాపమో" అన్న మాట ఇంట్లో వినబడితే అన్నవాళ్ళను అప్పుడే ఆపండి. బిడ్డకు భాష రాదని అనుకోవద్దు.

– ఏజెన్సీ తొలి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి ఇండియాకు నివేదిక పంపాలి. దానికోసం ఇంటికి వచ్చినవాళ్ళతో అంతా బాగుందని అబద్ధం చెప్పవద్దు. ఈసారి ఖాళీ గడి వదిలేది మీరవుతారు.

– అమెరికా పౌరసత్వ పత్రం ఇంటికి వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే వెంటపడండి.

– దత్తత మన వల్ల కాదు, సాయం చేస్తాం అంటారా? పుట్టినరోజున ఆశ్రమానికి కేకు తీసుకెళ్ళవద్దు. ఒక బిడ్డ ఫిజియోథెరపీ ఖర్చు ఏడాదంతా కట్టండి. పాస్‌పోర్టు మారి ఓసీఐ అయినవాళ్ళ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉన్న సంస్థకే పంపండి. ఆశ్రమం నడిపే మనిషి సొంత ఖాతాకు పంపవద్దు.

– చైనా 2024 సెప్టెంబరులో విదేశీ దత్తతలు ఆపేసింది. బిడ్డ ఖరారై ఏళ్ళుగా ఎదురుచూస్తున్న కుటుంబాలూ ఆగిపోయాయి, ఆ పిల్లల్లో చాలామందికి వైద్య అవసరాలు ఉన్నాయి. కాగితాలు ఆలస్యం చేయవద్దు. తొందరలో సంతకం కూడా పెట్టవద్దు.

– మోయలేకపోతే బిడ్డను ఇంటర్నెట్‌లో పరిచయమైన ఇంకో కుటుంబానికి అప్పగించవద్దు. 2013లో అమెరికాలో ఇలాంటి అప్పగింతల గురించి వచ్చిన కథనాల్లో పిల్లలు ఎవరి చేతుల్లో పడ్డారో చదివితే నిద్ర పట్టదు. మొదట ఏజెన్సీకి ఫోను చేయండి. సిగ్గుపడకుండా చేయండి.

ఆ కాలిఫోర్నియా దంపతులు మర్నాడు పొద్దున్నే చేశారు. ఏజెన్సీ వారానికి రెండు రోజులు సాయానికి ఒక మనిషిని కుదిర్చింది. పాప వెన్నుపాము ఆపరేషన్ వచ్చే గురువారం. ఇద్దరూ సెలవు పెట్టారు.