బ్రిటన్‌లో కొత్త కాపురం: మరక కనబడగానే ఫోటో తీయండి

అద్దెకు దిగిన మొదటి వారంలోనే వార్డ్‌రోబ్ వెనక గోడ మూలన నల్లటి బూజు చుక్కలు చూశాను. తుడిస్తే పోతుందిలే అని తుడిచేశాను. ఖాళీ చేసే రోజున అదే మూల చూపించి డిపాజిట్‌లో కోత పెట్టారు. నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.

కాబట్టి తాళాలు చేతికొచ్చాక, సామాను దింపకముందే గదిగదికీ వీడియో తీయండి. ఇన్వెంటరీ కాగితంలో (ఇంట్లో ఏమేం ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో రాసిన జాబితా) లేని గీతలు, మరకలు ఉంటే ఈమెయిల్‌లో రాసి పంపండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఇంగ్లండ్‌లో ఓనరు మీ డిపాజిట్‌ను 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి. తగాదా వస్తే ఆ స్కీమువాళ్లే ఉచితంగా తేలుస్తారు.

"మీరు వంటలు ఎక్కువ చేస్తారు, బట్టలు లోపలే ఆరేస్తారు, అందుకే బూజు" అంటారు ఓనర్లు. కొంత నిజమే, చలికాలంలో మనం కిటికీ తెరవం కదా! కానీ నేల దగ్గర మొదలై మీటరు ఎత్తుదాకా టీ మరకలా అంచు కట్టి, తెల్లగా ఉప్పు పేరుకుంటే అది మన కుక్కర్ ఆవిరి పని కాదు. నేలలోంచి చెమ్మ ఎక్కుతూ ఉండొచ్చు. గోడలు, కప్పు, పైపుల రిపేరు ఓనరు బాధ్యతేనని ఇంగ్లండ్‌లో 1985 నాటి అద్దె ఇళ్ల చట్టం చెబుతోంది.

పాత ఇల్లు కొనేవాళ్లు చెక్క నేల, దూలాలు చూడాలి. ఇక్కడ చెదల భయం దాదాపు లేదు, పుచ్చుపురుగు మాత్రం ఉంది. సన్నటి బెజ్జాలు కనిపిస్తే కంగారుపడొద్దు, ఎప్పటివో కావచ్చు. కింద లేతరంగు పొడి కొత్తగా రాలుతుంటేనే టెన్షన్. చెక్క చదరాలుగా పగిలి పుట్టగొడుగుల వాసన వస్తే కుళ్లు పట్టిందన్నమాట. చెక్కలో తేమ 20 శాతం దాటితేనే అది బతుకుతుంది, కాబట్టి ముందు నీళ్లెక్కడ కారుతున్నాయో వెతకాలి. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ అప్పు కోసం, మన కోసం కాదు. విడిగా సర్వే, అంటే నిపుణుడితో ఇంటి పరిస్థితి తనిఖీ, చేయించుకోండి.

షాపులో కొన్న వాషింగ్ మెషీన్‌లో లోపం ఉంటే 30 రోజుల్లోపు వాపసిచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ తర్వాత రిపేరుకో మార్పిడికో ఒక అవకాశం ఇవ్వాలి. 6 నెలల్లోపైతే అమ్మినప్పుడు లోపం లేదని నిరూపించాల్సింది షాపే. "కంపెనీకి ఫోన్ చేసుకోండి" అంటే వినకండి. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం జవాబు చెప్పాల్సింది అమ్మినవాళ్లే.

ఎవరింట్లోనో సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఈ హక్కులు చాలావరకు ఉండవు. డబ్బులిచ్చేముందు అక్కడే ప్లగ్ పెట్టించి, ఒకసారి తిప్పించి చూడండి.