అరితా పళ్లెం కొనేముందు భూతద్దం జేబులో వేసుకోండి

మా హాల్లో గోడకు ఒక నీలం పింగాణీ పళ్లెం ఉంది. దాని మీద దానిమ్మ కొమ్మ. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు "అన్నం తినే పళ్లేన్ని గోడకెందుకు తగిలించావ్?" అంటారు. నేను భూతద్దం చేతికిస్తాను. చూశాక ఇంకెవరూ ఆ మాట అడగలేదు.

నేనుండేది జపాన్‌లోని ఫుకుఓకాలో. పింగాణీకి పేరుపడ్డ అరితా ఊరికి ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటన్నర కూడా పట్టదు. ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు అక్కడ పింగాణీ సంత జరుగుతుంది. చేత్తో గీసినవీ, బొమ్మ అచ్చు కాగితం అంటించి కాల్చినవీ పక్కపక్కనే అమ్ముతారు. తేడా మనమే పట్టుకోవాలి.

ముందు నీలం సంగతి. ఒకసారి కాల్చిన తెల్లటి పళ్లెం మీద 'గోసు' అనే కొబాల్టు రంగుతో గీస్తారు. ఆ పళ్లెం నీళ్లను ఠక్కున పీల్చేస్తుంది. గీత తప్పితే దిద్దడం చాలా కష్టం. ఆ పైన గాజు పూత పూసి దాదాపు 1300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆకుల లోపల రంగు నింపడానికి బాగా లావుపాటి కుంచె నిండా పల్చటి గోసు తీసుకుని, నీళ్లు పారించినట్టు పారిస్తారు. దీన్ని 'దామి' అంటారు. భూతద్దంలో చూడాల్సింది ఇక్కడే: రంగు నిలిచినచోట ముదురు, జారినచోట లేత. అచ్చు బొమ్మలో చాలాసార్లు ఒకే పరిమాణంలో సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అంచు చుట్టూ ఒకే పువ్వు మళ్లీ మళ్లీ వస్తే, రెండు పువ్వుల్ని రేకు రేకుకీ పోల్చండి. చేత్తో గీసినవి అచ్చుగుద్దినట్టు ఉండవు.

ఎరుపు, పచ్చ, బంగారం మాత్రం గాజు పూత మీద వేసి, ఇంకా తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. వేలితో నిమిరితే చాలావాటిలో రంగు ఉబ్బెత్తుగా తగులుతుంది.

అనుమానం తీరకపోతే "తెగాకి దెస్ కా?" అనండి. చేత్తో గీసిందా అని. అచ్చు బొమ్మయితే 'తెన్‌షా' అంటారు. గీతలు అచ్చువేసి రంగు మాత్రం చేత్తో నింపినవీ ఉంటాయి, కాబట్టి గీత సంగతి విడిగా అడగండి.

కొనే ముందు కన్ను సరిచేసుకోవాలంటే అరితాలోనే ఉన్న క్యూషు సిరామిక్ మ్యూజియంకి వెళ్లండి. తరతరాలుగా ఒకే పేరు పెట్టుకునే అరితా పింగాణీ కళాకారుల ఇంట్లో పద్నాలుగోవాడు ఇమాయిజుమి ఇమాఎమోన్. ఆయన పనితనమంటే నాకు ప్రాణం. 2014లో ఆయన్ని జపాన్ 'సజీవ జాతీయ నిధి'గా గుర్తించింది. సిరాతో మంచు స్ఫటికాలు గీసి, పైన రంగు పూస్తారు. సిరా ఆ రంగును అంటనివ్వదు. కాల్చినప్పుడు సిరా కాలిపోయి తెల్లటి గీత మిగులుతుంది. ఆ తెలుపు గీసింది కాదు, వదిలింది!

డబ్బు కట్టే ముందు పళ్లెం అంచును వేలితో మీటండి. ఖంగుమనాలి. బొంగురుగా పలికితే పగులుందేమో చూడండి. ఇనుము వల్ల వచ్చే చిన్న నల్ల చుక్క ఉంటే ధర తగ్గుతుంది. గోడకు తగిలించడానికి అది అడ్డేం కాదు.

ఇంట్లో మెత్తటి గుడ్డ చాలు. బంగారు గీత ఉంటే పీచు తగలనివ్వకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి. తీగ హ్యాంగర్‌కి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, బిగించి లాగకూడదు. భూకంపాలొచ్చే చోట అల్మరాలో పెట్టేవాటి కింద మైనం ముద్ద అంటించండి. చెక్కపెట్టెతో వస్తే మూత మీద చాలాసార్లు చేసినవారి సంతకం ఉంటుంది, ఆ పెట్టె పారేయకండి.