నిలకడలేని చిన్న గాలిలో డింగీ రేసు ఎలా నడపాలి?

గాలి బాగా వీచే రోజున డింగీ (చిన్న తెరచాప పడవ) రేసులో ఒంటి బలానికి, ఓపికకు విలువ ఎక్కువ. గాలి 6 నాట్లు, అంటే గంటకు దాదాపు 11 కిలోమీటర్లు కూడా దాటకుండా, పైగా దిక్కు మారుతూ ఉండే సరస్సు మీద లెక్క వేరు. వేగంగా పోయే పడవ కంటే ఆగకుండా పోయే పడవే ఇక్కడ ముందుంటుంది. ట్యాక్ (పడవ ముక్కును గాలికి ఎదురుగా దాటించి గాలిని రెండో పక్కకు మార్చుకోవడం), జైబ్ (అదే పని పడవ వెనక భాగాన్ని గాలికి దాటించి చేయడం) వచ్చి, ఒకటి రెండు రేసుల్లో దిగి, "ఆ పక్క పడవకు గాలి ఎక్కడినుంచి వచ్చింది?" అని తల గోక్కున్నవాళ్ల కోసం ఇది.

1. ఒడ్డు మీద ఉండగానే గాలిని చూడండి

పడవ నీళ్లలోకి దించే ముందు కాస్త ఎత్తయిన చోట నిలబడి సరస్సు మొత్తాన్ని పావుగంట గమనించండి. నీటి మీద సన్నటి అలలతో నల్లగా కనిపించే చోట గాలి ఉంది. అద్దంలా మెరిసే చోట లేదు. ఆ నల్లటి మచ్చలు ఎటునుంచి పుడుతున్నాయి, ఎంతదూరం వచ్చి చచ్చిపోతున్నాయి అన్నదే చూడాల్సింది.

సరస్సు మీద గాలి ఇలా తిక్కగా ఉండటానికి ముఖ్య కారణం ఒడ్డే. చెట్లు, గుట్టలు, భవనాలు దాటి వచ్చే గాలి ముక్కలు ముక్కలుగా విరిగి నీటి మీదకు దిగుతుంది. చెట్ల వరుస వెనక గాలి లేని జాగా ఆ చెట్ల ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం వరకు ఉంటుంది. గాలి వచ్చే వైపు ఒడ్డుకు మార్క్ (పడవలు చుట్టి తిరగాల్సిన తేలే గుర్తు) దగ్గరగా ఉంటే, చివరి వంద మీటర్లు తలనొప్పి తప్పదని ముందే మనసులో పెట్టుకోండి.

2. అంకెలు రాసుకోండి

రేసుకు అరగంట ముందే నీటి మీదకు వెళ్లండి. రెండు మూడు నిమిషాలకోసారి పడవ ముక్కును సరిగ్గా గాలికి ఎదురుగా తిప్పి, కంపాస్ అంకె చూసి, చెరిగిపోని పెన్సిల్‌తో డెక్ మీదే రాసేయండి. ఉదాహరణకు 205, 220, 208, 218 వచ్చాయనుకోండి. గాలి 213కి అటూ ఇటూ ఊగుతోందన్నమాట. ఇప్పుడు మీ దగ్గర ఒక కొలత ఉంది. గాలి 220 దగ్గర ఉంటే కుడికి తిరిగినట్టు, అప్పుడు స్టార్‌బోర్డ్ ట్యాక్ (గాలి పడవ కుడి పక్కనుంచి తగిలేలా పోవడం) లాభం. 205 దగ్గర ఉంటే పోర్ట్ ట్యాక్ (గాలి ఎడమ పక్కనుంచి).

అంకెలు అటూ ఇటూ ఊగకుండా 205, 210, 216, 222 అని ఒకే వైపు పెరుగుతూ పోతే అది ఊగే గాలి కాదు, తిరిగిపోతున్న గాలి. అప్పుడు అది తిరుగుతున్న వైపుకే ముందుగా వెళ్లాలి. కంపాస్ లేకపోతే, ఒక్కో ట్యాక్‌లో పడవ ముక్కు ఎదుటి ఒడ్డు మీద ఏ చెట్టుకు, ఏ భవనానికి సూటిగా ఉందో గుర్తుపెట్టుకున్నా పని నడుస్తుంది.

3. పడవను, ఒంటిని సర్దుకోండి

కిక్కర్ (తెరచాప కింది కర్ర అయిన బూమ్‌ను కిందికి లాగి ఉంచే తాడు), డౌన్‌హాల్ (తెరచాప ముందు అంచును కిందికి బిగించే తాడు) వదులు చేయండి. తెరచాప ముందు అంచున చిన్న ముడతలు కనిపించినా కంగారు పడకండి. గాలి మరీ సన్నగా, 3 నాట్ల లోపు ఉంటే తెరచాపను కాస్త చదునుగా ఉంచాలి, ఎందుకంటే అంత బలహీనమైన గాలి లోతైన వంపును అంటిపెట్టుకుని పోలేదు. 4 నాట్లు దాటాక కొంచెం లోతు ఇవ్వొచ్చు.

ఎక్కువమంది తప్పు చేసేది మెయిన్‌షీట్ (తెరచాపను లోపలికి లాగే తాడు) దగ్గర. గాలి లేదన్న టెన్షన్‌లో తాడును బిగించి లాగేస్తారు. తెరచాప వెనక అంచున, పైన కట్టిన టెల్‌టేల్ దారాన్ని చూడండి. అది వెనక్కి తిన్నగా ఎగురుతుండాలి. తెరచాప వెనక్కి వెళ్లి దాక్కుంటోందంటే మీరు ఎక్కువ బిగించినట్టే. దారం మళ్లీ ఎగిరేదాకా రెండు మూడు అంగుళాలు వదలండి. ఈ ఒక్క దారాన్ని నమ్ముకున్నవాడు సగం పడవలను దాటేస్తాడని నా అభిప్రాయం.

బరువు ముందుకు జరపండి, సెంటర్‌బోర్డ్‌కు (పడవ నడుమ నీటిలోకి దించే పలకకు) ఆనుకునేంత దగ్గరగా. పడవ వెనక భాగం నీటి నుంచి పైకి లేస్తే వెనక వచ్చే గుడగుడ చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు ఆగేదాకా జరగండి. పడవను బూమ్ ఉన్న వైపు కొద్దిగా వాల్చండి. తెరచాప తన బరువుకే వేలాడి ఆకారం నిలబెట్టుకుంటుంది, నీటిని తాకే అడుగు భాగమూ తగ్గుతుంది. ఇక కదలాల్సి వస్తే పిల్లిలా కదలండి. దభీమని కూర్చుంటే తెరచాపలో ఉన్న కాస్త గాలీ రాలిపోతుంది. టిల్లర్‌కు (చుక్కాని తిప్పే కర్రకు) రెండు వేళ్లు చాలు.

4. స్టార్ట్

మామూలు పద్ధతిలో 5 నిమిషాల ముందు హెచ్చరిక సంకేతం, 4 నిమిషాలకు, 1 నిమిషానికి మరో రెండు సంకేతాలు ఉంటాయి. చిన్న గాలిలో లైన్‌కు దూరంగా వెళ్తే తిరిగి రావడం మీ చేతిలో ఉండదు. దగ్గరలోనే తిరగండి.

లైన్ మధ్యలో పడవ ముక్కును గాలికి ఎదురుగా పెట్టండి. ముక్కు ఏ కొన వైపు ఎక్కువ వాలితే ఆ కొన ముందుంది. 100 మీటర్ల లైన్ 10 డిగ్రీలు వాలి ఉంటే ఒక కొన గాలి వైపు 17 మీటర్లు ముందున్నట్టు లెక్క. చిన్న లాభం కాదు. అయినా అందరూ ఆ కొనకే ఎగబడి ముద్దైపోతే, నాలుగు పడవల అవతల ఖాళీగా ఉన్న చోటే నయం. పక్క పడవల తెరచాపలు చెడగొట్టిన గాలిలో కూర్చున్నవాడికి ఏ కొన అయినా ఒకటే. చివరి అర నిమిషంలో బూమ్ వైపు కొంచెం జాగా ఉంచుకుని, ముందుగానే పడవను కదలికలో పెట్టండి. వేగం అందుకోవడానికి మీరనుకున్న దానికంటే ఎక్కువ సమయమే పడుతుంది.

5. ఎదురుగాలిలో ఎప్పుడు ట్యాక్ చేయాలి?

రేసంతా ఇక్కడే తేలుతుంది. గాలి తిరిగి మీ పడవ ముక్కు మార్క్ వైపుకు ఇంకా దగ్గరైతే అది లిఫ్ట్, అలాగే సాగిపోండి. తెరచాప ముందు అంచు రెపరెపలాడి, ముక్కును మార్క్ నుంచి పక్కకు దించాల్సి వస్తే అది హెడర్, ట్యాక్ చేయండి. రెండు పడవలు సమానంగా, అడ్డంగా 100 మీటర్ల ఎడంతో ఉన్నప్పుడు గాలి 10 డిగ్రీలు తిరిగితే ఒకదానికి ప్రయాణంలో దాదాపు 25 మీటర్లు కలిసొస్తుంది.

కానీ చిన్న గాలి ఇక్కడే మోసం చేస్తుంది. గాలి ఒక్కసారిగా తగ్గినప్పుడు, పడవ పాత వేగంతోనే పోతుంటుంది కాబట్టి, మనకు తగిలే గాలి ముందునుంచి వచ్చినట్టు అనిపించి తెరచాప రెపరెపలాడుతుంది. హెడర్ అనుకుని ట్యాక్ చేస్తే, గాలీ లేదు, వేగమూ లేదు, నడిమధ్యలో నిలబడిపోతారు. అందుకే వెంటనే తిప్పకండి. ఐదు అంకెలు లెక్కపెట్టండి, ముందున్న నీటిని చూడండి, కంపాస్ చూడండి. నీరు నల్లగానే ఉండి అంకె నిజంగా మారితేనే తిప్పండి.

దిక్కు, బలం రెండూ పోటీపడితే బలాన్నే ఎంచుకోండి. 3 నాట్ల చోటునుంచి నాలుగున్నర నాట్ల చోటుకు వెళ్తే గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది. మంచి లిఫ్ట్‌లో ఉన్నప్పుడు ఎదురుగా స్టార్‌బోర్డ్ పడవ వస్తే, దారి ఇవ్వాల్సింది పోర్ట్‌లో ఉన్న మీరే. అయినా భయపడి ట్యాక్ చేయకండి. ముందుగానే కొద్దిగా దించి దాని వెనకనుంచి దాటితే పోయేది మీటరో రెండు మీటర్లో.

సరస్సు అంచుకు, మార్క్‌కు సూటిగా వెళ్లే గీత దాకా తొందరపడి పోకండి. ఆ గీత మీదకు చేరాక లిఫ్ట్ వస్తే దూరం వృథా, హెడర్ వస్తే లోపలున్నవాళ్లకు లాభం.

6. రోల్ ట్యాక్

బూమ్ వైపు కొద్దిగా వాలి ఉండగా టిల్లర్‌ను మెల్లగా తోయండి. ముక్కు గాలికి ఎదురయ్యే సమయానికి మీరు కూర్చున్న వైపే ఒరిగి పడవను మీ మీదకు రానివ్వండి. బూమ్ తల మీదనుంచి దాటగానే అవతలి వైపుకు జరిగి, జానెడు మెయిన్‌షీట్ వదిలి, పడవను నెమ్మదిగా చదును చేస్తూ తాడు లాగండి. ట్యాక్ పూర్తయ్యాక పడవ వేగం, ట్యాక్ చేయకపోతే ఉండే వేగం కంటే పెరగకూడదని తెరచాప పడవల రేసు నిబంధనల్లో రూల్ 42 చెబుతుంది. పడవను పదేపదే ఊపడం, తెరచాపను విసనకర్రలా ఆడించడం, టిల్లర్‌తో తెడ్డు వేయడం కూడా అదే రూల్ కింద నిషేధం.

7. గాలి వెనకనుంచి వచ్చేటప్పుడు

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడటమే పని. నల్లటి మచ్చ ఎక్కడ దిగుతోందో చూసి దాని దారిలోకి వెళ్లండి. సూటిగా గాలి వెంట పోకుండా కాస్త పక్కకు పట్టుకుంటే పడవ బతికి ఉంటుంది. సెంటర్‌బోర్డ్ సగం పైకి లాగండి. వెనకనున్న పడవలే మీ గాలిని దోచుకుంటాయి కాబట్టి వాటి నీడనుంచి తప్పుకోండి. మార్క్ దగ్గర పడవలన్నీ గుంపైతే బయటివైపు నుంచి చుట్టూ తిరిగి రావాలని చూడకండి. కాస్త ఆగి, లోపలి పడవ తోక పట్టుకుని తిరగడమే చవక.

8. ఫినిష్

ఎదురుగాలిలో ముగిసే రేసైతే, ఫినిష్ లైన్ రెండు కొనల్లో ఏది మీకు దగ్గరో ముందుగానే తేల్చుకోండి. పడవ శరీరంలో ఏ భాగం లైన్ దాటినా ఫినిష్ అయినట్టే. లైన్ ఇంకో పడవ పొడవు దూరంలో ఉన్నప్పుడు ముక్కును లైన్‌కు లంబంగా, గాలి వైపుకు తిప్పితే ఒకటి రెండు సెకన్లు మిగులుతాయి. అంతకంటే ముందు తిప్పితే మాత్రం తేలికపాటి డింగీ లైన్‌కు ఇవతలే ఆగిపోతుంది.