గురుముఖి 'ష': తెరపై కనిపిస్తున్న పదం వెతికితే దొరకడం లేదా?

సమస్య: పంజాబీని రాసే గురుముఖి లిపిలోని పాఠంలో 'షేర్' అనే పదం, అంటే సింహం, కళ్ల ముందే ఉంటుంది. వెతికితే ఫలితాలు సున్నా. లేదంటే జాబితాలో ఒకే పేరు రెండుసార్లు నమోదై ఉంటుంది, రెంటికీ రవ్వంత తేడా కనిపించదు.

ముందు ఆ పదాన్ని అక్షరాలుగా కాకుండా అంకెలుగా చూడండి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, అక్షరం వెనక ఉన్న సంఖ్యను చూపే ఆర్డ్ (ord) ఫంక్షన్‌తో ఒక్క వరుస రాస్తే చాలు. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఈ పని తప్ప అన్నీ చేసి వస్తారు. ఫాంటు మారుస్తారు, బ్రౌజరు మారుస్తారు, డేటా మొత్తం మళ్లీ ఎక్కిస్తారు. ఒకే అక్షరాన్ని రెండు రకాల అంకెలతో రాసినా మంచి ఫాంటు ఒకేలా గీస్తుంది కాబట్టి కంటితో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

కారణం: గురుముఖిలో 'స' పాదం దగ్గర చుక్క పెడితే 'ష' అవుతుంది. పంజాబీలు దాన్ని 'సస్సే పైర్ బిందీ' అంటారు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను, అంటే సంకేతాన్ని, ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో దీన్ని రెండు రకాలుగా రాయవచ్చు. దశాంశ లెక్కలో చెబితే 2614 అనే ఒకే సంకేతం, లేదా 'స'కు 2616, వెంటనే చుక్కకు 2620. అందువల్ల 'షేర్' ఒకచోట 2614, 2631, 2608గా ఉంటుంది. ఇంకోచోట 2616, 2620, 2631, 2608గా ఉంటుంది. ఏది వస్తుందన్నది కీబోర్డును బట్టి, టైపు చేసే అలవాటును బట్టి మారుతుంది.

ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి ఒకటుంది, దాని పేరు ఎన్‌ఎఫ్‌సీ (NFC) సాధారణీకరణ. ఇంతవరకు తెలిసినవారు కూడా 'ఎన్‌ఎఫ్‌సీ సాధారణీకరణ పెట్టాను, అన్నీ 2614గా కలిసిపోతాయి' అంటారు. కలవవు. నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. మన తెలుగు ఐత్వం 3142, 3158 అని రెండు ముక్కలుగా వస్తే ఎన్‌ఎఫ్‌సీ వాటిని కలిపి 3144 చేస్తుంది. తెలుగుతో పరీక్షించి చూసుకుని, గురుముఖి కూడా అంతేనని నమ్మాను. కానీ గురుముఖి 'ష' మళ్లీ కలపకూడని అక్షరాల జాబితాలో ఉంది. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని విడగొట్టి 2616, 2620గానే ఉంచుతుంది. చుక్క ఉన్న ళ, ఖ, గ, జ, ఫ అక్షరాలదీ ఇదే తీరు. నేను చేస్తున్న నిఘంటువులో మొదటి సంకేతాన్ని బట్టి పదాలను విభాగాలుగా పంచే ప్రోగ్రాము ఉండేది. సాధారణీకరణ తర్వాత 'ష' విభాగం ఖాళీ అయింది, ఆ పదాలన్నీ 'స'లోకి వెళ్లిపోయాయి. రెండు రోజులు తప్పును డేటాబేసులో వెతికాను.

పరిష్కారం: నిల్వ చేసిన పాఠాన్నీ, వెతికే పదాన్నీ ఒకే సాధారణీకరణ గుండా పంపండి. ప్రోగ్రాములో ఎక్కడైనా 2614తో నేరుగా పోల్చి ఉంటే తీసేసి, 'స'నూ చుక్కనూ జంటగా చూడండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, అంటే పాఠంలో నమూనాలను వెతికే సూత్రంలో, 'వీటిలో ఏదో ఒక అక్షరం' అని చెప్పే చదరపు కుండలీకరణాల మధ్య 'ష' ఉంటే మరింత జాగ్రత్త అవసరం. విడిపోయాక అది 'స' లేదా చుక్క, ఏదో ఒకటి చాలన్న అర్థమిస్తుంది. వెతుకులాట సులభమవుతుందని చుక్క లాంటి చిహ్నాలన్నిటినీ తీసేసే ఏర్పాటు మాత్రం దయచేసి పెట్టకండి. చుక్క పోతే సింహం కాస్తా 'సేర్' అవుతుంది, అంటే మన పాత తూకం సేరు.

సాధారణీకరణ సరిచేయలేని తప్పు ఒకటుంది. కొందరు గుణింతం పెట్టాక చుక్క పెడతారు: 2616, 2631, 2620. ఈ వరుసను ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. గుణింతపు గుర్తు తర్వాత చుక్క కనిపిస్తే ఆ రెంటినీ తారుమారు చేసే నియమం మీరే రాసుకోవాలి.

మిగతావి అరుదు. పాఠమంతా రోమన్ అక్షరాల గజిబిజిగా వస్తే అది అన్మోల్‌లిపి వంటి పాత ఫాంటుది, మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి. దేవనాగరి నుంచి సంకేతాలకు 256 కలిపి మార్చిన పాఠమైతే 'డ'కు చుక్క పెట్టిన జంట, అంటే 2593, 2620, ఉందేమో చూడండి. హిందీలో 'డ' కింద చుక్క పెట్టి రాసే 'ड़' ధ్వనికి గురుముఖిలో 2652 అనే సొంత అక్షరం ఉంది, ఆ జంట స్థానంలో దాన్ని పెట్టాలి.

డేటా సరిచేశాక వెతుకులాట సూచికను, అంటే త్వరగా వెతకడానికి ప్రోగ్రాము ముందే తయారుచేసి ఉంచుకునే పదాల పట్టికను, కూడా మళ్లీ కట్టించండి. పాత సూచికలో పాత అంకెలే ఉంటాయి.