బెజవాడలో కూర్చుని మెల్‌బోర్న్ పాత ఫుట్‌బాల్ చదవడం ఎలా

మెల్‌బోర్న్‌లో పిల్లలున్న ఇళ్ళు మన విజయవాడ గుంటూరుల్లో వీధికి రెండు మూడు ఉంటాయి, వాళ్ళేమో వీడియో కాల్‌లో గ్రౌండ్ చూపించి ఫుటీ ఫుటీ అంటారు, అంటే మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు, అక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, మనం ఆహా అని తలూపి ఊరుకుంటాం. మా అక్క కొడుకు విషయంలో నేనూ ఏడాది పాటు అలాగే తలూపాను. ఇప్పటి మ్యాచ్‌లు పెట్టుకుని చూశా, ముప్పై ఆరు మంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటే కబడ్డీయో కుస్తీయో కూడా తేలలేదు. తర్వాత 1900 నుంచి 1930 దాకా వచ్చిన పాత పేపర్లు తిరగేయడం మొదలెడితే అప్పుడెక్కింది బుర్రకి, ఎందుకంటే ఆటని రూల్సు బట్టీ పట్టి నేర్చుకోలేం గానీ కథలాగా అయితే ఎంతసేపైనా చదవగలం కదా. నేను చేసిందే చెప్తా, రూపాయి ఖర్చు లేదు, నెట్ ఉంటే చాలు.

ముందు స్కోరు చదవడం రావాలి, అది రాకపోతే ఒక్క పేరా ముందుకు పోదు. గ్రౌండుకి రెండు చివర్లా నాలుగేసి కర్రలుంటాయి, మధ్యలో ఉన్న రెండు పొడుగు కర్రల మధ్య నుంచి కాలితో తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్కనున్న పొట్టి కర్రకీ పొడుగు కర్రకీ మధ్యలోంచి పోతే బిహైండ్ అంటారు, ఒక్క పాయింటు. కాబట్టి 12.13 అని చూసి దశాంశం అనుకోవద్దు, పన్నెండు గోల్సు పదమూడు బిహైండ్లు, అంటే 72 ప్లస్ 13, మొత్తం 85. ఈ లెక్క 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ ఎనిమిది క్లబ్బులతో మొదలైనప్పటి నుంచీ ఇదే. అంతకు ముందు గోల్సు మాత్రమే లెక్కలోకొచ్చేవి. బంతిని చేత్తో విసరకూడదు, పిడికిలితో కొట్టి అందించాలి. ఇంకో ఆటగాడు తన్నిన బంతిని గాల్లోనే శుభ్రంగా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు, పట్టుకున్నవాడికి అడ్డం లేకుండా ఒక కిక్ దొరుకుతుంది. జట్టుకి 18 మంది, అది 1899 నుంచి. ఇంతకు మించి రూల్సు ఇప్పుడొద్దు, అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఇక పేపర్లు. ఆస్ట్రేలియా జాతీయ లైబ్రరీ వాళ్ళు ట్రోవ్ అనే సైటు నడుపుతారు, వందేళ్ళ కిందటి పేపర్లు పేజీలకు పేజీలు స్కాన్ చేసి ఫ్రీగా పెట్టారు. మన లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుమ్ములో గంటలు గంటలు వెతికిన అలవాటున్న వాళ్ళకి ఇది స్వర్గం, తుమ్ములు కూడా రావు. అందులో న్యూస్‌పేపర్ల విభాగంలోకి వెళ్ళి, రాష్ట్రం విక్టోరియా అని పెట్టి, తేదీలు ఇచ్చి వెతకాలి. రాష్ట్రం పెట్టకుండా వెతికితే సిడ్నీ పేపర్లు కూడా వచ్చి పడతాయి, అక్కడ ఫుట్‌బాల్ అంటే రగ్బీ, నేను ఒక రాత్రంతా వేరే ఆట చదివి ఇదేంటి గోల్సు ఇంత తక్కువున్నాయి అని ఆశ్చర్యపోయా.

రెండు చిట్కాలు చెప్తా, వీటికే నాకు నెల పట్టింది. మ్యాచ్‌లు శనివారం, ఆర్గస్ లాంటి మెల్‌బోర్న్ పెద్ద పేపర్లకి ఆదివారం సంచిక లేదు, కాబట్టి శనివారం మ్యాచ్ రిపోర్టు కోసం సోమవారం పేపరు తియ్యాలి. ఇక రెండోది పేర్లు. 1910 నాటి మన తెలుగు పత్రికలో విజయవాడ అని వెతికితే ఏం దొరుకుద్ది, బెజవాడ అని వెతకాలి కదా, అక్కడా అంతే. ఇప్పటి సిడ్నీ స్వాన్స్ అప్పటి సౌత్ మెల్‌బోర్న్, ఇప్పటి వెస్టర్న్ బుల్‌డాగ్స్ అప్పటి ఫుట్స్‌క్రే, అది కూడా 1925లో హాథార్న్, నార్త్ మెల్‌బోర్న్‌తో కలిసి లీగులోకొచ్చింది, అంతకు ముందు వేరే సంఘంలో ఆడేది. ఫిట్‌జ్‌రాయ్ అయితే 1996 సీజన్ అయ్యాక బ్రిస్బేన్‌లో కలిసిపోయింది, ఇవాళ ఆ పేరుతో జట్టు పెద్ద లీగులో లేదు. యూనివర్సిటీ అని ఒక టీమ్ కనిపిస్తే కంగారు పడకండి, నిజంగానే 1908లో రిచ్‌మండ్‌తో పాటు చేరింది, చదువుకునే కుర్రాళ్ళు, డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళు. 1911లో ఆటగాళ్ళకి డబ్బులివ్వొచ్చు అని లీగ్ ఒప్పుకున్నాక వీళ్ళ పని అయిపోయింది, వరసగా 51 మ్యాచ్‌లు ఓడి 1914తో మానేశారు. పాపం.

స్కాన్ పక్కన కంప్యూటర్ తనంతట తాను చదివి టైప్ చేసిన అక్షరాలుంటాయి, అచ్చు మసకగా ఉన్నచోట అది నానా అక్షరాలూ రాసేస్తుంది, ఆ తప్పుల వల్ల సెర్చ్‌లో కూడా దొరకదు. ఒక స్పెల్లింగుతో రాకపోతే క్లబ్బు పేరు, గ్రౌండు పేరు కలిపి కొట్టండి. తప్పు కనపడితే మీరే దిద్దొచ్చు, ఎవరికైనా ఆ వీలుంది, నేను కొన్ని దిద్దా, పొద్దున్నే కాఫీ తాగుతూ చేస్తే అదో సరదా. ఫోటోలు మాత్రం జాగ్రత్త, జెర్సీ మీద నంబర్లు లీగులో పద్ధతిగా వచ్చింది 1912లో, అంతకు ముందు ఫోటోల్లో ఎవరు ఎవరో కింద రాసిన పేర్లు చూస్తే తప్ప తెలీదు.

ఎక్కడ మొదలెట్టాలి అని అడుగుతారు. మొత్తం ముప్పై ఏళ్ళు చదువుదామనుకుంటే మూడో రోజుకి మానేస్తారు, ఒక్క సీజన్ పట్టుకోండి, ఏప్రిల్ మే నుంచి సెప్టెంబరు అక్టోబరు దాకా సోమవారం సోమవారం చదవండి. మనకి రోహిణి కార్తె ఎండలు మాడ్చేటప్పుడు వాళ్ళకి చలి, వాన, బురద, స్కోర్లు తక్కువుంటే ముందు వాతావరణం ఏం రాశారో చూడండి. నన్నడిగితే మొదటి సీజన్‌గా 1916 చదవమంటా.

ఎందుకంటే అది వింతల్లో వింత. యుద్ధం జరుగుతోంది, జనం ఫ్రాన్స్‌లో చస్తుంటే ఇక్కడ బంతాటా అని ఒక వర్గం, ఆట ఆపితే మాత్రం యుద్ధం గెలుస్తామా అని ఇంకో వర్గం, చివరికి నాలుగంటే నాలుగే క్లబ్బులు బరిలో దిగాయి, కార్ల్టన్, కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, ఫిట్‌జ్‌రాయ్. ఫిట్‌జ్‌రాయ్ పన్నెండు మ్యాచ్‌ల్లో రెండు గెలిచి ఒకటి డ్రా చేసి పట్టికలో అట్టడుగు. అయినా కప్పు వాళ్ళదే! ఇది చదివి నేను లెక్క తప్పేమో అని మళ్ళీ మొదటి నుంచి చూశా. ఉన్నవే నాలుగు జట్లు, సెమీస్‌కి వెళ్ళేవి నాలుగు, కాబట్టి ఆఖరివాడు కూడా లోపలికొచ్చేశాడు, వచ్చి కాలింగ్‌వుడ్‌ని ఓడించాడు, తర్వాత ఫైనల్లో కార్ల్టన్‌ని ఓడించాడు.

ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. ఫైనల్ అయ్యింది కదా, గెలిచినవాడు ఛాంపియన్ అనుకుంటాం, కాదు. అప్పటి పద్ధతి ప్రకారం పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టు ఓడినా సరే, గెలిచినవాణ్ణి ఇంకోసారి రమ్మని సవాలు చేసే హక్కు ఉండేది, దాన్ని గ్రాండ్ ఫైనల్ అనేవాళ్ళు. ఈ సవాలు పద్ధతి, చిన్న చిన్న మార్పులతో, 1930 దాకా నడిచింది. కాబట్టి ఫైనల్ అనే మాట కనపడగానే పేపరు మూసెయ్యొద్దు, తర్వాతి సోమవారం కూడా తియ్యండి. కార్ల్టన్ సవాలు చేసింది, 1916 సెప్టెంబరు 2న మళ్ళీ ఆడారు, ఫిట్‌జ్‌రాయ్ 12.13, కార్ల్టన్ 8.8. లెక్క మీరే వేసుకోండి, ఇప్పుడొచ్చు కదా.

అది అయ్యాక మనుషుల వెంట పడొచ్చు. మనకి క్రికెట్ పిచ్చి కాబట్టి జాక్ వారల్‌తో మొదలెడితే తేలిక, ఆస్ట్రేలియాకి 11 టెస్టులాడినవాడు, తర్వాత కార్ల్టన్‌ని నడిపించి 1906, 1907, 1908 వరసగా మూడు కప్పులు కొట్టించాడు, ఆటగాళ్ళే తిరగబడితే 1909లో బయటికొచ్చి ఎసెండన్‌కి వెళ్ళి 1911, 1912 కూడా గెలిపించాడు. వెళ్ళగొట్టినవాళ్ళ ఎదురుగా అలా గెలవడంలో ఉన్న మజా వేరు. లంచం కథలు కావాలంటే 1910 సెప్టెంబరు చూడండి, మ్యాచ్ ఓడటానికి డబ్బు తీసుకోవడానికి ఒప్పుకున్నారని ఇద్దరు కార్ల్టన్ ఆటగాళ్ళని 99 మ్యాచ్‌లు బయట పెట్టారు. ఫిక్సింగ్ మన కాలంలోనే పుట్టిందనుకునేవాళ్ళకి చూపించండి. జో జాన్సన్ పేరు కూడా వెతకండి, 1904లో ఫిట్‌జ్‌రాయ్ తరఫున ఈ లీగులో ఆడిన మొదటి ఆదివాసీ ఆటగాడిగా ఇవాళ లెక్కలోకొచ్చినవాడు, 1904, 1905 రెండు కప్పుల్లోనూ ఉన్నాడు. లీగులో ఏటా మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గురించి మీవాళ్ళు ఊదరగొడితే అది 1924లో మొదలైందనీ మొదటిది జీలాంగ్‌కి ఆడిన గ్రీవ్స్ అందుకున్నాడనీ ఒక ముక్క వేస్తే చాలు, మా మేనల్లుడు ఆ రోజు ఫోన్‌లో కాసేపు నోరెత్తలేదు.

యుద్ధం ఏళ్ళు చదివేటప్పుడు ఒక నోట్‌బుక్కులో ఆటగాళ్ళ పేర్లు రాసుకోండి, తర్వాత అవే పేర్లు స్పోర్ట్స్ పేజీలో కాకుండా మృతుల జాబితాలో కనిపిస్తాయి. 1915లో కార్ల్టన్‌తో కప్పు గెలిచిన జార్జ్ చాలిస్ 1916 జులైలో ఫ్రాన్స్‌లో పోయాడు. అదే ఏడు అక్టోబరు 28న లండన్‌లో, క్వీన్స్ క్లబ్బులో, ఆస్ట్రేలియా సైనికులు రెండు జట్లుగా విడిపోయి ఈ ఆటే ఆడారు, థర్డ్ డివిజన్ 6.16, ట్రైనింగ్ గ్రూపులు 4.12. సరిగ్గా ఆ రోజే ఆస్ట్రేలియాలో జనం బలవంతంగా సైన్యంలో చేర్చాలా వద్దా అని ఓటేశారు, వద్దన్నారు. నేను ముందు ఆట వార్త కోసం వెతికా, ఆ వారం పేపర్ల నిండా ఓట్ల లెక్కలే, కాబట్టి మీరు ఆ వారంతో ఆగకుండా డిసెంబరు దాకా తేదీ పెట్టి వెతకండి.